ముందు ప్లగ్గు సంగతి చూడండి

మామిడి సీజన్‌లో ఒక పొద్దున బాటసింగారం పండ్ల మార్కెట్టులో నిలబడి చూడండి. చేయి తిరిగిన కొనుగోలుదారు పెట్టెలో పై వరుస కాయల వంక కన్నెత్తి చూడడు. పక్కనుంచి చెయ్యి అడుక్కి పోనిచ్చి, గడ్డి కింది కాయను పైకి లాగి, తొడిమ దగ్గర వాసన చూస్తాడు. పై వరుస ఎప్పుడూ బాగానే ఉంటుంది, దాన్ని బాగా పేర్చడమే అమ్మేవాడి పని. గడ్డిఅన్నారం నుంచి మార్కెట్టు ఇక్కడికి మారినప్పుడు లారీలతో పాటు ఈ విద్య కూడా వచ్చింది.

ఆ మార్కెట్టుకు కూతవేటు దూరంలో ఉండే మా మేనల్లుడికి మాత్రం ఆ విద్య అబ్బలేదు. వాడు ఇంజనీరింగ్ రెండో ఏడు. గేమింగ్ కంప్యూటర్ కోసం వాళ్ళ నాన్నను సగం ఒప్పించి, మిగతా సగం తాను కూడబెట్టి 80,000 రూపాయలు పోగుచేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపులో రాయించుకొచ్చిన స్లిప్పు నా చేతిలో పెట్టి, "మామా, గిదొక్కసారి సూడు, రేపు అడ్వాన్స్ ఇస్తున్న" అన్నాడు. పెట్టెలో పై వరుస ధగధగ మెరుస్తోంది. ఐ7-14700ఎఫ్ ప్రాసెసర్, 20 కోర్లు. దాని కింద అన్నిటికన్నా చవకైన హెచ్610 బోర్డు. 16 జీబీ ర్యామ్, ఒకటే కర్ర. ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ. 75 హెర్ట్జ్ మానిటర్. ముందువైపు మొత్తం గ్లాసు, ఆరు రంగుల ఫ్యాన్లు ఉన్న కేబినెట్. చివరి లైన్లో '450 వాట్ల ఎస్ఎంపీఎస్ ఫ్రీ' అని రాసి, ఫ్రీ చుట్టూ సున్నా చుట్టారు.

"గింత పెద్ద ప్రాసెసర్ ఎందుకురా?" అంటే వాడి దగ్గర జవాబు రెడీగా ఉంది. "షాపన్న చెప్పిండు మామా. ఐ7 తీస్కుంటే పదేండ్లు ఢోకా లేదంట. ఫ్యూచర్ ప్రూఫ్."

ఇది ఆ షాపన్న ఒక్కడి మాట కాదు. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఏ హాస్టల్ గదిలో అడిగినా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల మీద నిలబడ్డ ఏ కుర్రాడిని అడిగినా ఇదే వేదం. ప్రాసెసర్ ఎంత పెద్దదైతే కంప్యూటర్ అంత గొప్పది, ఇవాళ ఎక్కువ పెడితే రేపటికి పనికొస్తుంది, గోడ కరెంటును కంప్యూటర్‌కు అందించే ఎస్ఎంపీఎస్సూ, కేబినెట్టూ ఏదో ఒకటి వేసేయొచ్చు. ఈ మూడు మాటలూ తప్పే. తప్పని తెలియకపోవడం వల్ల మధ్యతరగతి ఇళ్ళలో కష్టపడి కూడబెట్టిన డబ్బు పోతోంది కాబట్టి ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ఈ వేదం ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఒకప్పుడు ఇది నిజమే. 2000 నవంబరులో పెంటియం 4 వచ్చినప్పుడు దాని వేగం 1.5 గిగాహెర్ట్జ్; నాలుగేళ్ళు తిరక్కుండానే 3.8కి పోయింది. ఆ రోజుల్లో 'ఏ కంప్యూటర్ కొన్నావు' అంటే 'పీ4' అనేవాళ్ళం, ప్రాసెసర్ పేరే కంప్యూటర్ పేరు. ఇప్పుడు స్లిప్పులు రాసే షాపువాళ్ళూ, సలహాలిచ్చే అన్నలూ, డబ్బులిచ్చే నాన్నలూ ఆ కాలంలో కళ్ళు తెరిచినవాళ్ళే. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఇరవై ఏళ్ళ కిందటి నిజం చెబుతున్నారు.

ఇప్పటి ఆటల్లో జరిగేది వేరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదైనా టిఫిన్ సెంటర్‌ను తలుచుకోండి. ఆర్డర్లు రాసుకుని లోపలికి కేకేసేవాడు ప్రాసెసర్. దోసెలు వేసే పెనం గ్రాఫిక్స్ కార్డు. పెనం మీద ఒకసారికి నాలుగు దోసెలే పడతాయి. కేకేసే మనుషుల్ని ఆరుగురి నుంచి ఇరవై మందికి పెంచితే ఐదో దోసె వస్తుందా? అరుపులు పెరుగుతాయి. ఎక్కువ ఆటలు ఆరు నుంచి ఎనిమిది కోర్లకు మించి గట్టిగా వాడుకోలేవు. ఆ స్లిప్పులో ఇరవై కోర్లున్నాయి, పెనం మాత్రం మూకుడంత.

ఆ పెనం కథ కూడా చెప్పాలి. ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతో రెండు కార్డులున్నాయి. 2022 జనవరిలో వచ్చింది 8 జీబీ, 2560 కోర్లు, 130 వాట్లు. 2024 ఫిబ్రవరిలో అదే పేరు మీద వచ్చింది 6 జీబీ, 2304 కోర్లు, 70 వాట్లు. పేరు ఒకటే, సరుకు వేరు. ఐ7 బదులు ఆరు కోర్ల ఐ5-12400ఎఫ్‌నో రైజెన్ 5 5600నో తీసుకుని, మిగిలిన డబ్బుతో 4060 స్థాయి కార్డుకు వెళ్తే కొత్త ఆటల్లో ఫ్రేములు దాదాపు రెట్టింపవుతాయి. పైగా ఆ ఐ7 పూర్తి ఊపులో 219 వాట్లు తాగుతుంది. హెచ్610 బోర్డుల్లో చాలావాటికి కరెంటు అందించే భాగాల మీద హీట్‌సింకు ముక్క కూడా ఉండదు. అది కాసేపటికే వేడెక్కి ప్రాసెసర్ గొంతు నొక్కుతుంది. ఏనుగును కొని మేకల దొడ్లో కట్టేసినట్టు. ర్యామ్ ఒకే కర్రగా ఇవ్వడం ఇంకో దారుణం. 8 జీబీవి రెండు వేస్తే డేటా రెండు దారుల్లో నడుస్తుంది, ఒకటే వేస్తే ఒక దారి మూసేసినట్టే. హయత్‌నగర్ దగ్గర హైవే ఒక వైపు మూసేస్తే ఏమవుతుందో మావాళ్ళకు నేను చెప్పాలా.

ఇక్కడ నాకు ఎదురు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో పస ఉంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి పోటీ ఆటలు తేలికైనవి. వాటిని 240 హెర్ట్జ్ తెర మీద ఆడేవాడికి గ్రాఫిక్స్ కార్డు కన్నా ముందు ప్రాసెసరే అడ్డం పడుతుంది. ఒప్పుకుంటాను. కానీ అక్కడ కూడా పనికొచ్చేది కోర్ల సంఖ్య కాదు, ఒక్కో కోరు చురుకుదనమూ దాని పక్కనుండే క్యాష్ జ్ఞాపకమూ. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీకి ఉన్నవి ఎనిమిది కోర్లే. 96 ఎంబీ క్యాష్‌తో అది తనకన్నా రెట్టింపు కోర్లున్నవాటిని ఆటల్లో మట్టి కరిపించింది. వీడియో ఎడిటింగ్ చేసేవాడు, త్రీడీ రెండరింగ్ చేసేవాడు అయితే ఇరవై కోర్లూ కొనుక్కోవచ్చు, వాటికి పని ఉంది. మా వాడి పని సాయంత్రం ఏడు నుంచి అమ్మ అన్నానికి పిలిచేదాకా వాలరెంట్.

ఇక ఫ్యూచర్ ప్రూఫ్. భవిష్యత్తును ముందే కొని ఇంట్లో పెట్టుకోవచ్చనే ఈ నమ్మకమే అన్నిటికన్నా ఖరీదైనది. ఆ నమ్మకం మీద పందెం కాసినవాళ్ళ గతి ఈ నాలుగైదేళ్ళలోనే ఎన్నిసార్లు ఏమైందో చూడండి.

ఇంటెల్ 13, 14 తరాల ఐ9 కొన్నవాళ్ళు రేపటి కోసం అందరికన్నా ఎక్కువ డబ్బు పోసినవాళ్ళు. వాళ్ళ ప్రాసెసర్లే ఆటల మధ్యలో కూలిపోవడం మొదలైంది. కావలసినదాని కన్నా ఎక్కువ వోల్టేజీ వెళ్ళి చిప్పు లోపలే అరిగిపోతోందని కంపెనీ 2024లో ఒప్పుకుంది. ఆ ఆగస్టులో సరిదిద్దే మైక్రోకోడ్ ఇచ్చి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఐ7లు కొన్ని కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అప్పటికే అరిగినదాన్ని ఏ మైక్రోకోడూ బాగుచేయదు. చిన్న ఐ5 కొన్నవాడు మాత్రం ఆ ఏడాదంతా హాయిగా ఆడుకున్నాడు.

2020లో ఆర్‌టీఎక్స్ 3070 కొన్నవాడు, మరుసటి ఏడు 3060 కొన్నవాణ్ణి చూసి నవ్వాడు. 3070 చాలా వేగమైనది, నిజమే. కానీ దాని మెమొరీ 8 జీబీ, చిన్నదాని మెమొరీ 12 జీబీ. 2023లో హాగ్వార్ట్స్ లెగసీ, ది లాస్ట్ ఆఫ్ అస్ పీసీ మీదికి వచ్చేసరికి ఆ 8 జీబీ ఇరుకైపోయింది. బొమ్మల మీద రంగులు కరిగిపోయినట్టు కనబడుతుంటే నవ్వినవాడి నోరు మూతబడింది. భవిష్యత్తు ఏ వైపు నుంచి ఇరుకవుతుందో కొనేనాడు ఎవడికీ తెలియదు.

అదే కాలంలో ఈథర్ అనే క్రిప్టో నాణేల తవ్వకాల పుణ్యమా అని గ్రాఫిక్స్ కార్డులు అసలు ధరకు రెట్టింపు పలికాయి. 'ఇక తగ్గవు, ఇప్పుడే తీస్కో' అన్నారు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం తవ్వకాల పద్ధతికే స్వస్తి చెప్పింది. ఆ కార్డులు సెకండ్ హ్యాండ్ సంతలో కుప్పలు పడ్డాయి.

నాకు ఎదురుపడే ఉదాహరణ కూడా దాచను. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల ఆకలికి ర్యామ్ ధరలు మండిపోయాయి. క్రూషియల్ పేరుతో మనందరికీ ర్యామ్ అమ్మిన మైక్రాన్ ఆ వ్యాపారమే మానేస్తున్నానని డిసెంబరులో ప్రకటించింది. ముందే 32 జీబీ కొని పెట్టుకున్నవాళ్ళు కాలరెగరేశారు. వాళ్ళు గెలిచారు, కాదనను. కాకపోతే దాన్ని దూరదృష్టి అనకండి, లాటరీ అనండి. ఆ వేసవిలో 'ఇప్పుడే ర్యామ్ కొనిపెట్టుకో' అని ఒక్క షాపువాడు కూడా చెప్పలేదు. చెప్పిందల్లా ఐ7 తీస్కో అనే.

మరి సామాన్యుడు ఐదారేళ్ళకోసారి కొంటాడు, వాడు రేపటి గురించి ఆలోచించొద్దా? ఆలోచించాలి. మారేవాటి మీద కాకుండా, మారనివాటి మీద డబ్బు పెట్టడమే ఆ ఆలోచన. 2017లో రైజెన్ మొదటి తరం ఆరు కోర్ల ప్రాసెసర్‌తో మామూలు బీ350 బోర్డు కొన్నవాడు, ఐదేళ్ళ తర్వాత బయోస్ మార్చుకుని అదే బోర్డులో 5800ఎక్స్3డీ దింపుకున్నాడు. అప్పుడే పెద్ద ప్రాసెసర్ కొన్నవాడి కన్నా వీడికి ఎక్కువ వేగం. ప్రాసెసర్ మారుతుంది, కార్డు మారుతుంది. మూడు కంప్యూటర్ల దాకా మారకుండా మన దగ్గరే ఉండేవి మూడే: మంచి ఎస్ఎంపీఎస్, మంచి కేబినెట్, మంచి మానిటర్. ఆ స్లిప్పులో గీసి గీసి చవక చేసినవి సరిగ్గా ఆ మూడే.

అందుకే నేను మా వాణ్ణి షాపుకు కాదు, ముందు వాడి గదికే తీసుకుపోయాను.

మేడ మీద ఒంటరి గది. మూడు వైపులా ఎండ, పైన స్లాబు. కిటికీలోంచి చూస్తే విజయవాడ హైవే మీద లారీల వరస, కిటికీ గూట్లో వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము. వాడు ఇప్పుడు వాడుతున్నది వాళ్ళ అన్న వదిలేసిన పాత కంప్యూటర్. చెప్పుల్లేకుండా నిలబడి దాని డబ్బా వెనక స్క్రూ మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది.

"గది ఎప్పుడూ గంతే మామా, అలవాటైంది" అన్నాడు.

అలవాటు పడాల్సిన విషయమా ఇది! ప్రతి ఎస్ఎంపీఎస్‌లోనూ కరెంటు లోపలికొచ్చే చోట ఫేజుకూ డబ్బాకూ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ డబ్బాకూ మధ్య ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. తీగల్లోని చెత్తను ఎర్తులోకి దింపేయడం వాటి పని. ఎర్తు లేకపోతే ఆ రెండూ కలిసి ఇనప డబ్బాను ఫేజుకూ న్యూట్రల్‌కూ నడిమధ్యన, అంటే 230లో సగం 115 వోల్టుల దగ్గర నిలబెడతాయి. ప్రవాహం అతి తక్కువ కాబట్టి మనిషికి చురుక్కుమనడంతో సరిపోతుంది. అదే డబ్బాకు టీవీ నుంచో సెట్‌టాప్ బాక్సు నుంచో హెచ్‌డీఎంఐ తీగ గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు. లోపల ఏదైనా తీగ తెగి డబ్బాను తాకితే అప్పుడు చురుకు కాదు, పూర్తి 230. ఎర్తు లేని ఇంట్లో దాన్ని ఫ్యూజు కూడా ఆపదు.

మన వైపు ఎర్తు గతి తెలిసిందే. కొత్త వెంచర్లలో ఇల్లు కట్టేటప్పుడు గుంత తీసి ఉప్పూ బొగ్గూ పోస్తారు. ఆ తర్వాత ఎండాకాలం ఒక బకెట్ నీళ్ళు పోసేవాడుండడు, మట్టి ఎండి రాయైపోతుంది. హాస్టళ్ళలో అయితే త్రీపిన్ టాప్‌లో పైనుండే లావుపాటి పిన్ను విరగ్గొట్టి టూపిన్ సాకెట్లో దూర్చేస్తారు. లక్ష రూపాయల కంప్యూటర్‌ను ఆ విరిగిన పిన్ను మీద నడుపుతున్న మహానుభావుల్ని నేను కళ్ళారా చూశాను.

తర్వాత మా వాడి పాత ఎస్ఎంపీఎస్ పక్క స్టిక్కర్ చదివించాను. ఇదీ అప్పట్లో కేబినెట్‌తో ఫ్రీగా వచ్చిందే. పైన పెద్ద అక్షరాల్లో 450. కింద చిన్న గడుల్లో 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తాగేది దాదాపు అంతా ఆ 12 వోల్టుల తీగలోంచే. పన్నెండు పదహార్లు నూట తొంభై రెండు. అంటే 450 అని రాసిన డబ్బాలో పనికొచ్చేది 192 వాట్లు. 219 వాట్లు తాగే ఐ7ను ఇలాంటిదాని మీద నడపాలట! ఆటలో ఒక పేలుడు సీను వస్తుంది, కార్డు ఒక్కసారిగా దాహమేసినట్టు లాగుతుంది, తెర నల్లబడి కంప్యూటర్ మళ్ళీ మొదలవుతుంది. 'ప్రాసెసర్ సరిపోవట్లేదు, ఇంకా పెద్దది వేయాలి' అంటాడు షాపువాడు. వేదం మళ్ళీ మొదటికొస్తుంది.

వెనక ఎర్రటి చిన్న స్విచ్చు, 115 అనీ 230 అనీ. ఆ స్విచ్చు ఉందంటే పాతకాలపు తయారీ అని అర్థం. మంచివాటి మీద స్విచ్చు ఉండదు, 100-240 అని రాసి ఉంటుంది. ఎండాకాలం సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఒకేసారి మొదలై, బోరు మోటర్లు తోడై, బల్బులు ఎర్రబడినా అది చలించదు. దానికి స్టెబిలైజర్ పెట్టడం దండగ, పెట్టమని అంటగడితే వద్దనండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు దాని వెనక యూపీఎస్ మోడ్ అనే మీట ఉందేమో చూసుకోండి. మంచి ఎస్ఎంపీఎస్ కరెంటు పోయాక దాదాపు 16 మిల్లీసెకన్లు ఊపిరి బిగబట్టగలదు, ఇన్వర్టర్ ఆలోపు అందుకోవాలి. మామూలు మోడ్‌లో పెట్టి 'కరెంటు పోయినప్పుడల్లా రీస్టార్ట్ అవుతోంది' అని ఏడ్చేవాళ్ళు ఎంతమందో. ఆ మీట నొక్కడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు.

80 ప్లస్ బ్రాంజ్ అని బొమ్మ ఉంటే చాలనుకునేవాళ్ళకూ ఒక మాట. ఆ ముద్ర కరెంటు వృథా తక్కువని మాత్రమే చెబుతుంది. ఆపదలో తనంతట తాను ఆగిపోతుందా, బోర్డును కూడా వెంట తీసుకుపోతుందా అన్నది దానికి సంబంధం లేని సంగతి. పేరున్న కంపెనీది, సొంత పెట్టెలో సీలుతో వచ్చేది, కనీసం ఐదేళ్ళ వారంటీ ఉన్నది తీసుకోండి. 145 వాట్ల ఆర్‌టీఎక్స్ 5060, ఆరు కోర్ల ప్రాసెసర్ కలిపితే మొత్తం కంప్యూటర్ 300 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది, నిజాయితీ గల 550 వాట్లు ధారాళంగా సరిపోతాయి. 850 కావాలని భయపెట్టేవాణ్ణి కూడా నమ్మకండి, అతనూ ఫ్యూచర్ ప్రూఫ్ మతస్థుడే.

వేడి సంగతి. హైదరాబాద్ 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు చూసిన ఊరు. ఏప్రిల్ చివర్లో 42 దాకా వెళ్ళడం మనకు కొత్త కాదు. గది ఒక డిగ్రీ పెరిగితే లోపలి చిప్పు కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఏసీ గదుల్లో కూర్చుని పరీక్షించినవాళ్ళ లెక్కలు బాటసింగారం మేడ మీది గదికి సరిపోవు. ముందువైపు మొత్తం గ్లాసు బిగించిన డబ్బాలో ఆరు ఫ్యాన్లేం ఖర్మ, అరవై పెట్టినా గాలి లోపలికి రావడానికి దారేదీ? ముందు జాలీ, జాలీ వెనక ఊడదీసి కడుక్కునే దుమ్ము ఫిల్టరు ఉన్న కేబినెట్ కావాలి. రంగుల లైట్ల మీద నాకు కోపం లేదు, కుర్రతనంలో నేనూ గదిలో దీపావళి సీరియల్ బల్బులు కట్టినవాణ్ణే.

మానిటర్ గురించి ఎక్కువ చెప్పను. 75 హెర్ట్జ్ తెర సెకనుకు 75 బొమ్మలే చూపుతుంది. లోపల 150 పుట్టినా సగం కంటికి చేరవు. కంప్యూటర్లో మనిషి కంటికి తగిలే ఒకే ఒక్క వస్తువు మీద మిగిల్చి, గ్లాసు వెనక కనబడని కోర్ల మీద తగలేయడం ఏ లెక్క? 144 హెర్ట్జ్ దాటిన ఐపీఎస్ తెర తీసుకుంటే, అది రేపటి కార్డుకూ పనికొస్తుంది.

శనివారం ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాం. ఎంజీబీఎస్‌లో దిగి పచ్చ లైను మారి, పరేడ్ గ్రౌండ్స్ నుంచి ప్యారడైజ్. దారి పొడవునా వాడు ఫోన్‌లో ఐ7 వీడియోలు చూస్తూనే ఉన్నాడు, నాకు చూపించకుండా. పార్క్‌లేన్‌లో రెండు మూడు షాపులు తిరిగాం. ఒకచోట కౌంటర్ మీద స్లిప్పు పెట్టి, నేను కింది లైన్ నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. ముందు ఎస్ఎంపీఎస్, తర్వాత కేబినెట్, తర్వాత మానిటర్, కార్డు, ర్యామ్, బోర్డు. చివర్న, మిగిలినదాంట్లో ప్రాసెసర్. షాపతను కాసేపు నా మొహం చూశాడు.

"ఉల్టా చదువుతున్నరేంది సార్?"

"మా ఊళ్ళో పెట్టె గిట్లనే చూస్తరు" అన్నాను.

అతను నవ్వి, లోపలికెళ్ళి రెండు ఎస్ఎంపీఎస్‌లు తెచ్చి పక్కపక్కన పెట్టాడు. మా వాణ్ణి రెండూ చేతుల్లోకి తీసుకోమన్నాడు. ఒకటి ఖాళీ అగ్గిపెట్టెలా లేచింది, ఇంకోటి ఇటుకలా కూర్చుంది. "నిజం చెప్పాల్నంటే సార్, బరువుదాన్ని ఎవ్వరూ అడగరు. ఐ7 ఉందా అనే అడుగుతరు. మేం అమ్మకపోతే పక్కషాపుకు పోతరు" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అడిగేవాళ్ళ మీదే వచ్చింది.

పెట్టెలన్నీ ఇంటికి తెచ్చి గదిలో పేర్చాం గానీ ఆ రాత్రి ఒక్కటీ విప్పనివ్వలేదు. వాడు నా మీద అలిగి అన్నం కూడా తినలేదు. తెల్లారి ఎలక్ట్రీషియన్ వచ్చి గోడ బోర్డు ఊడదీశాడు. సాకెట్ మూడో రంధ్రం వెనక ఏ తీగా లేదు. పైపు మూతి దగ్గర పచ్చ వైరు ఉంది, కొస మడిచి, టేపు చుట్టి. ఇల్లు కట్టినప్పటి నుంచి అక్కడే ఉందది, జానెడు దూరంలో. అతను టేపు విప్పి, స్క్రూ బిగించి, టెస్టర్ మా వాడి చేతికిచ్చి "ఇగ పెట్టి సూడు తమ్మీ" అన్నాడు. గుంతలో నీళ్ళు పొయ్యడానికి మా అక్క అప్పటికే బకెట్ పట్టుకుని మెట్లు దిగుతోంది.